పక్కింటివాళ్ళ మోకాళ్ళు

కొండమీది పేట పెద్దవ్వగారికి,

‘ఆదివాసీలకూ సమాన ఆరోగ్యం’ ప్రచార కార్యాలయం నుంచి అధికారి రాస్తున్న శుభవార్త.

మావాళ్ళు మీ పేటలో గడపగడపకూ వచ్చి, “మీకేమైనా జబ్బుందా?” అని అడిగితే ఒక్కరు కూడా ఉందనలేదు. దగ్గుతూనే లేదన్న తాతగారు ఒకరున్నారట. ఆయన ధైర్యానికి మా అభినందనలు. మా పోస్టర్లు ఇంత బాగా పనిచేస్తాయని మేమే అనుకోలేదు. మీకు ఆరోగ్యం సమానమైపోయింది కాబట్టి మీ నర్సమ్మను వచ్చే నెల నుంచి అవసరమున్న చోటికి మారుస్తున్నాం. వైద్యం గదికి తాళం వేసి, తాళంచెవి ఆమెతో పంపగలరు.

ఇట్లు,
మీ విజయానికి మురిసిపోతున్న అధికారి

తా.క.: మెచ్చుకోలుగా ఒక షీల్డు పంపుతున్నాం. గాజుది, జాగ్రత్త.

*

ఆఫీసరు బాబుకి పెద్దవ్వ దీవెనలు.

నేను క్షేమమని రాయను. మాలో ఎవరి ఒంటి సంగతి వాళ్ళే చెప్పుకుంటే, పట్టించుకునే దిక్కు లేదని చాటుకున్నట్టు. ఒకరి నొప్పి పక్కింటివాళ్ళు చెప్పాలి. మీవాళ్ళు ఒక్కొక్కరి గుమ్మంలో నిలబడి వాళ్ళ జబ్బు వాళ్ళనే అడిగితే ఏం చెబుతారు నాయనా?

అందుకని నేను చెబుతున్నా, రాసుకో. దగ్గే తాతకు రాత్రంతా ఆయాసం. బుట్టలల్లేవాడికి వేళ్ళు వంగవు. వాడి పెళ్ళానికి నెత్తురు తక్కువ, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. నర్సమ్మ రాకముందు ఇలాంటివాళ్ళను మంచం మీద మోసుకుంటూ కొండ దిగేవాళ్ళం. కొందరు దారిలోనే పోయేవాళ్ళు. మీ పట్నంలో వీధికో డాక్టరు, మాకున్నది ఆవిడొక్కతే. ఆవిణ్ణీ తీసుకుపోయి సమానమంటే ఎట్లా?

ఇట్లు,
పెద్దవ్వ

తా.క.: నేను పెద్దవ్వ తోడికోడల్ని. ఆవిడ మోకాళ్ళు కుండల్లా వాచాయి. మెట్లెక్కేటప్పుడు పాట అందుకుంటుంది, మూలుగు వినపడకూడదని.

*

గౌరవనీయులైన పెద్దవ్వగారికి,

మీ ఉత్తరం చదివి విచారించాం. మీ పేటలో ఇరుగుపొరుగుకు ఇంతగా పడదని మాకు తెలియదు. ఒకరి రోగాలు ఇంకొకరు బయటపెట్టడం మా నియమాలకు విరుద్ధం. సర్దిచెప్పడానికి ఒక సలహాదారును పంపుతున్నాం. ముందు మీరు మీ తోడికోడలితో సఖ్యంగా ఉండండి.

నర్సు ఉండాలంటే జబ్బున్నవారు ఎవరికివారే చెప్పాలి. నా సంగతే చూడండి, నాకేదైనా ఉంటే నేనే చెబుతాను. అదృష్టం కొద్దీ నాకేమీ లేదు.

ఇట్లు,
అధికారి

తా.క.: ఈ ఉత్తరం కొట్టిన టైపిస్టును. అవ్వా, సారు వారం నుంచి ఒక పక్కకే నములుతున్నారు. చెంప ఉబ్బింది. అడిగితే కాస్త ఒళ్ళు చేశానంటున్నారు. మీ పద్ధతి నాకు నచ్చింది.

*

ఆఫీసరు బాబుకి,

మీ సలహాదారు వచ్చాడు. తగాదా ఎవరెవరికి అని అడిగితే పేటంతా ఒకటే నవ్వు. పాపం, బూటు కరిచి కుంటుతున్నాడు, పైకి చెప్పడు. మేమే చెప్పి నర్సమ్మతో కట్టు కట్టించాం.

నీ పంటి సంగతీ ఆవిడకు చెప్పాం. ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఆలస్యం చెయ్యకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. నీకైతే వీధి దాటితే ఉంటాడు. మేము కొండ దిగాలి. నెల దగ్గరపడుతోంది బాబూ, నాకు భయంగా ఉంది. ఒక్కసారి మనుషుల్ని మళ్ళీ పంపు. “మీ పక్కింటివాళ్ళకేం బాధ?” అని అడిగించి చూడు.

ఇట్లు,
పెద్దవ్వ

తా.క.: మళ్ళీ తోడికోడల్నే. షీల్డు పగల్లేదు. వైద్యం గది తలుపుకి అడ్డం పెట్టాం, మూసుకోకుండా.

*

అవ్వా,

పన్ను పీకించుకున్నాను. టైపిస్టే వెంటబెట్టుకు వెళ్ళి, నేను నోరు తెరవకముందే డాక్టరుకి అంతా చెప్పేసింది. సిగ్గేసింది. కానీ ఒకరు నా గురించి చెబుతుంటే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మీరన్నట్టే అడిగించాం. తెచ్చుకున్న కాగితాలు చాలక మావాళ్ళు అరచేతుల మీద కూడా రాసుకొచ్చారు. పైవాళ్ళకు అన్నీ చదివి వినిపించాను. నర్సమ్మ బదిలీ రద్దయింది. పోస్టర్ల మీద కూడా ఇకనుంచి మీ ప్రశ్నే వేస్తాం.

ఇట్లు,
మీ ఆఫీసరు బాబు

తా.క.: ఆ ప్రశ్న మా ఆఫీసులో కూడా అడిగి పొరపాటు చేశాను. మధ్యాహ్నం నుంచి ఒక్కరూ పనిచేయడం లేదు.

*

నాయనా,

నీ ఉత్తరం విని పేటంతా గంతులేసింది. నర్సమ్మ మాత్రం ఓ మూల కూర్చుని కళ్ళు తుడుచుకుంది. సంతోషమంది. నేను నమ్మలేదు.

మీవాళ్ళు అన్ని గడపలూ తొక్కారు గాని వైద్యం గది గడప తొక్కలేదు. మా కోసం ఒంటరిగా కొండెక్కి వచ్చిన మనిషి. ఆవిడ సంగతి చెప్పడానికి అయినవాళ్ళెవరూ ఇక్కడ లేరు. పక్కింటిదాన్ని నేనున్నాను కదా, రాసుకో. నర్సమ్మ కడుపుతో ఉంది. చెబితే సెలవిచ్చి పంపేసి గది మూసేస్తారని, ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. నీకు చెబుతున్నానని ఇప్పుడు నామీద అలిగింది.

ఆవిడకు సెలవివ్వు. మంచి ఆసుపత్రిలో, మీ ఆడవాళ్ళకు జరిగినంత బాగా పురుడు జరగాలి. గది మూయడానికి వీల్లేదు కాబట్టి ఇంకో నర్సమ్మను పంపు. బిడ్డనెత్తుకుని ఈవిడ తిరిగొచ్చాక ఆవిణ్ణీ ఉంచెయ్యి. చంటిపిల్లతో ఒక్కతే ఎట్లా చేసుకొస్తుంది?

ఇట్లు,
నీ పెద్దవ్వ

తా.క.: సార్, నేను నర్సుని. నాకేమీ లేదు, బాగానే ఉన్నానని రాద్దామని కలం తీసుకున్నాను. పేటంతా నా చుట్టూ నిలబడి చూస్తోంది. అవ్వ చెప్పిందంతా నిజం.