కూత లేని చెడుగుడు

నంద్యాల,
9-7-1956

అమ్మా సరస్వతీ,

పెట్టె కొనడానికి నీ మొగుడికి అంత తొందరేందమ్మా? దాని మీద శేషయ్య పేరు కూడా రాయించాడంట! పిల్లోడు పొద్దంతా ఆళ్ళగడ్డ వంకలో ఇసుక తవ్వుతున్నాడని, చింతచెట్లెక్కి చొక్కాలు చింపుకుంటున్నాడని, నేను పనిచేసే ఈ హాస్టల్లో పడేస్తే బుద్ధొస్తుందని రాశావు. ఈడ పిల్లలు శానా నిమ్మళమని నీకు గొప్పగా చెప్పింది ఈ నాయనే. తప్పు ఒప్పుకోవాల్సిందీ నేనే.

నిన్న ఆదివారం వార్డెను బనగానపల్లెకు పోయాడు. గేటు తాళం నా దగ్గరే కదా, మధ్యాహ్నం తీసేసి, ముప్పైమందినీ బయటి మైదానంలోకి తోలాను. "పోండ్రా, మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి" అన్నాను. ఒక్కడూ కదల్లేదు. ఎండలో వరసగా నిలబడి నన్నే చూశారు.

"ఏం ఆడాల్నో చెప్పు తాతా" అన్నాడు యాకోబు. పదేండ్లోడు.

"చెడుగుడు ఆడండి" అని గీత గీశాను. ఆడారు. కానీ అమ్మా, కూత లేదు. వార్డెనుకు గోల పడదు, అందుకని నోళ్లు మూసుకుని ఆడటం నేర్చారు. వట్టి పాదాల చప్పుడే. దొరికినవాడు అరవలేదు. మోకాలు చీరుకున్నవాడు ఏడవలేదు.

సరే, నేనే చూపిద్దామని పంచె ఎగ్గట్టి, కూత పెట్టి గీత దాటాను. యాభైయారేండ్లోణ్ణి, కూత కన్నా దగ్గే ఎక్కువొచ్చింది. ఒక్కడన్నా నవ్వుతాడనుకున్నా. నా జట్టోళ్లతో సహా ముప్పైమందీ వచ్చి పట్టుకున్నారు. కూత ఆగింది. దమ్ము కూడా ఆగేటట్టయింది. వదల్లేదు.

"ఓడిపోయినా, ఇడవండ్రా!"

"విజిలు ఊదందే ఇడవగూడదు తాతా" అన్నాడు యాకోబు నా చెవి దగ్గర, మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు, ఆట లేదు. ఎట్లో ఒక చెయ్యి లాక్కుని, నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాను. అందరూ ఒక్కసారే వదిలేసి, మళ్లీ వరసలో నిలబడ్డారు.

శేషయ్యను చొక్కాలు చింపుకోనీ తల్లీ. వంకలో అరవనీ. చదువు మన ఊరి బడిలో వచ్చినంత వస్తుంది. గొంతు పోతే నేను తెచ్చియ్యలేను. ఈ జాబు అందినాక వాణ్ణి బస్సెక్కించావంటే నా మీద ఒట్టే.

ఉండమ్మా, కిటికీ దగ్గరికొచ్చి యాకోబు పిలుస్తున్నాడు. "తాతా, నీ మనమడంట, ఆళ్ళగడ్డ నుంచి వచ్చినాడు. వాళ్ల నాయన దింపేసి పోయినాడు. శానా ఏడుస్తాండె. వరసలో నిలబెట్నాం."

నాకు ఏడుపేమీ వినపడటం లేదు సరస్వతీ, నేను పోయి వాణ్ణి