మార్తా గౌను

శనివారం రాత్రి, కాట్‌బస్, జర్మనీ

ఇవాళ యూనివర్సిటీలో అన్ని దేశాలవాళ్ళ పండుగ. నమీబియా నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ మార్తా తన హెరెరో తెగ దుస్తుల్లో వచ్చింది. నేలను ఊడ్చే బుట్ట గౌను, తల మీద రెండు కొమ్ముల్లా చుట్టిన గుడ్డ. పక్కనున్న శ్రావ్యతో తెలుగులో అన్నాను, "దొరసాని గౌనేసుకొని ఇదే మా ట్రెడిషనల్ డ్రెస్ అంటుంది చూడవే!" ఇద్దరం నవ్వాం.

మార్తా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో అడిగింది, "నా గురించేనా? ఏమన్నావు?"

"చాలా బాగుంది అన్నాను."

ఆమె ముఖం విప్పారింది. గౌను సర్దుకుంటూ చెప్పింది. "మిషనరీల భార్యలు మా ముత్తవ్వలకు ఇది తొడిగించారు. తర్వాత, మా దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సైన్యం మావాళ్ళను ఎడారిలోకి తరిమి చంపింది. మిగిలినవాళ్ళు గౌను వదల్లేదు, తమదిగా మార్చుకున్నారు. ఈ కొమ్ములు మా ఆవులవి. పోయినవాళ్ళను తలుచుకునేటప్పుడు ఇదే కట్టుకుంటాం."

అప్పుడైనా నిజం చెప్పి క్షమాపణ అడగాల్సింది.

"ఆ తెలుగు మాట నేర్పవా? మా అమ్మకు చెప్తాను" అంది. సిగ్గు లేకుండా నేర్పాను.

ట్రామ్ స్టాపులో ఆమె నా చీర కొంగు పట్టుకుని చూసి, కూడబలుక్కుంటూ "చా-లా బా-గుం-ది" అంది.

తను మాత్రం నిజంగానే అంది.