అమ్మవైపు దాహం

మండపేట,
12 మే 1997

ప్రియమైన హేమా,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. బాబుకి ఒంట్లో బాగుండటం లేదు.

దుర్గాసాయి నా పాలు తాగినన్నాళ్ళు బాగానే ఉన్నాడు, నువ్వూ చూశావుగా. అన్నప్రాసన చేసి గేదెపాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏదో ఒకటి. జ్వరం వస్తుంది, వాంతులవుతాయి, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఒక డాక్టరు గారు మలేరియా అన్నారు, ఇంకొకాయన పళ్ళు వస్తున్నాయి కదా, అందుకే అన్నారు. బరువు పెరగడం లేదు. తొడల దగ్గర చర్మం వదులైపోయి, ముఖంలో ముసలితనం వచ్చేసింది. పెళ్ళయిన ఏడేళ్ళకి పుట్టినవాడు. వాణ్ణి ఎత్తుకుని బయటికి వెళ్ళాలంటేనే భయంగా ఉంది, ఎవరు ఏమంటారోనని.

పాలు పడితే తల తిప్పేసుకుంటాడు. నీళ్ళు పడితే మాత్రం ఉగ్గుగిన్నె రెండు చేతులతో పట్టుకుని వదలడు. "అన్ని నీళ్ళు పోస్తే ఇంక పాలకి చోటెక్కడుంటుందమ్మా వేణీ, పైగా జలుబు చేస్తుంది" అంటారు అత్తయ్య. ఆవిడ చెడ్డగా అనరు, మనవడంటే ప్రాణం. అందుకని నేనూ నీళ్ళు తగ్గించాను.

నిన్న మధ్యాహ్నం తడి తువ్వాలుతో వాడి ఒళ్ళు తుడుస్తుంటే, దాని కొస నోట్లోకి లాక్కుని చప్పరించడం మొదలుపెట్టాడు. మన తమ్ముడు గుర్తున్నాడా నీకు? నువ్వు అప్పటికి అయిదేళ్ళదానివి. వేసవిలో కాలవ కట్టేసిన రోజుల్లో అమ్మ పెరటి అరుగు మీద కొత్త కుండ పెట్టి, అందులో వట్టివేళ్ళు వేసేది. అమ్మిరాజు పాక్కుంటూ పోయి చెమ్మగా ఉన్న కుండకి నోరు ఆనించేవాడు. మనం చప్పట్లు కొట్టి నవ్వేవాళ్ళం. మట్టివాసన, మామిడిపళ్ళ వాసన, వాడి తడి గెడ్డం, అన్నీ నిన్న ఒక్కసారిగా నా కళ్ళముందుకొచ్చాయి. వాడు ఏడాది నిండకుండానే పోయాడు కదా.

నువ్వు పిల్లల వార్డులోనే డాక్టరుగా ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఇది ఏమై ఉంటుందే?

మీ అక్క,
వీరవేణి

*

విశాఖపట్నం,
16 మే 1997

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. బావగారి రైసుమిల్లుకి ఫోను చేశాను, లైను కలవలేదు. మళ్ళీ చేస్తాను. ఈలోగా ఇది ముందు చేరితే, చదివిన వెంటనే బాబుకి నీళ్ళు పట్టు. అడిగినన్ని పట్టు. అత్తయ్యగారితో నేను చెప్పానని చెప్పు. కోప్పడితే నా మీద కోప్పడమను.

వాడు ఎన్నిసార్లు గుడ్డలు తడుపుతున్నాడో నువ్వు రాయలేదు. అంత జ్వరంలో, అంత ఎండిపోయి ఉండి కూడా మూత్రం నీళ్ళలా తెల్లగా ధారాళంగా పోస్తున్నాడా? అలా అయితే అది పళ్ళ జ్వరం కాదు. నేను ఊహించినది తప్పయితే బాగుండును. రాజమండ్రి వచ్చి రైలెక్కండి. దారంతా నీళ్ళు పడుతూనే ఉండు. కాచి చల్లార్చిన నీళ్ళు సీసాల్లో పోసి తెచ్చుకో.

తమ్ముడి గురించి రాశావు. నాకు కుండ గుర్తులేదు. నాన్నమ్మ అమ్మ చేతిలోంచి గ్లాసు లాక్కోవడం మాత్రం గుర్తుంది.

త్వరగా రండి. నేను స్టేషన్లో ఉంటాను.

నీ హేమ

*

మండపేట,
20 జూలై 1997

ప్రియమైన హేమా,

మీ ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇల్లు చేరాం. నిన్న బాబు బోర్లాపడి, తనంతట తానే లేచి కూర్చున్నాడు. అత్తయ్య దిష్టి తీసి, ఆ తర్వాత ఒక మూల కూర్చుని ఏడ్చారు. మీ బావ మిల్లుకి వెళ్ళిపోయి, సాయంత్రం పెద్ద ఇత్తడి బిందె కొనుక్కొచ్చారు. అది బాబు బిందె. కాచిన నీళ్ళు అందులోనే పోస్తున్నాం. వాడి గంజిలో, అన్నంలో ఉప్పు వెయ్యడం లేదు. మీ వార్డు పెద్ద డాక్టరు మేడం రాసిచ్చిన మాత్ర పొడిచేసి ఇస్తున్నాను. మూత్రం ఎక్కువ పోసేలా చేసే మాత్ర వీడికి మూత్రం తగ్గిస్తుందంటే మీ బావ ఇంకా నమ్మలేదు. తగ్గింది కాబట్టి ఊరుకున్నారు.

ఆ మొదటి రోజు వాడికి ఫిట్స్ వచ్చినప్పుడు నువ్వు నన్ను వార్డులోంచి బయటికి పంపేశావు. నీ గొంతు నాకు కొత్తగా వినిపించింది. చిన్నప్పుడు ఉరుముకి నా పరికిణీలో తల దూర్చేదానివి, నువ్వేనా అనిపించింది. తర్వాత వరండాలో మనిద్దరం ఒకే ప్లేట్లో ఇడ్లీ తిన్నాం చూడు, ఎన్నాళ్ళకి తిన్నాం అలాగ. అంత కష్టంలోనూ ఆ రోజులు తల్చుకుంటే ఇప్పుడు బెంగగా ఉంది.

మీ మేడం ఇంగ్లీషులో చెప్పిందంతా విని తలూపాను గానీ నాకేమీ బోధపడలేదు. ముక్కులో చుక్కలు వేసి, అవి పనిచెయ్యకపోతే రోగం తేలినట్టేనన్నారు. మందు పనిచెయ్యకపోవడమే రుజువేంటి? తీరిగ్గా రాయి. అమ్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాయిస్తోంది, బాబుకి ఏమైందని. కిడ్నీకి చీము పట్టింది, తగ్గిందని రాసి ఊరుకున్నాను.

మీ అక్క,
వీరవేణి

*

విశాఖపట్నం,
2 ఆగస్టు 1997

ప్రియమైన అక్కా,

బాబు కూర్చున్నాడని చదివి హాస్టల్లో అందరికీ చెప్పాను.

మన ఊరి కాలవ లాకుల దగ్గర కూర్చుని గడ్డిపడవలు చూసేవాళ్ళం గుర్తుందా? పైనుంచి కబురు వస్తే అక్కడి మనిషి తలుపులు దించేవాడు, నీళ్ళు ఆగేవి. ఒంట్లోనూ అలాంటి ఏర్పాటే ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గుతుంటే మెదడు రక్తంలోకి ఒక హార్మోను వదులుతుంది. "నీళ్ళు బయటికి పోనివ్వకు" అన్న కబురన్నమాట. ఆ కబురు అందుకోవడానికి కిడ్నీ కణాల మీద చెవుల్లాంటివి ఉంటాయి. వాటినే రిసెప్టర్లు అంటాం. మన బాబుకి హార్మోను ఉంది, కిడ్నీ ఉంది, ఆ చెవులే సరిగ్గా తయారవలేదు. మెదడు ఎంత అరిచినా కిడ్నీకి వినపడదు, నీళ్ళు పోతూనే ఉంటాయి. ముక్కులో వేసినది ఆ హార్మోనే. అది ఇచ్చినా మూత్రం తగ్గలేదంటే లోపం కబురులో లేదు, వినేచోట ఉందని తేలింది.

ఒంట్లో ఇలాంటి చెవులు రకరకాలు ఉంటాయక్కా. పిల్లలు ఎత్తు పెరగమన్న కబురుకి ఒకటి, ఎముక గట్టిపడమన్న కబురుకి ఇంకొకటి. ఏది చెడితే ఆ పని ఆగిపోతుంది. మా వార్డులో ఒక పాపకి ఎంత ఎండలో తిప్పినా, ఎంత మందిచ్చినా కాళ్ళు వంకర పోతూనే ఉన్నాయి. తన చిక్కు కూడా అక్కడేనేమోనని మా మేడం అనుమానం. వాళ్ళతో పోలిస్తే మన బాబు అదృష్టవంతుడు. వాడికి నీళ్ళే మందు. తల్లిపాలలో ఉప్పు తక్కువ కాబట్టి నువ్వు పాలిచ్చినన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. గేదెపాలలోని ఉప్పు బయటికి పంపడానికి వాడికి ఇంకా నీళ్ళు కావాలి. సరిగ్గా అప్పుడే మనం తగ్గించాం.

ఇంకో మాట రాయక తప్పదు. ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. దీన్ని ఒంట్లో మోసే ఆడవాళ్ళకి చాలావరకు ఏ బాధా ఉండదు, తెలియను కూడా తెలియదు. నీకు అమ్మ నుంచి వచ్చింది. అమ్మిరాజు కూడా దీంతోనే పోయి ఉంటాడు. నాకూ వచ్చి ఉండవచ్చు, రాకపోయీ ఉండవచ్చు. ఆ పరీక్ష ఇక్కడ లేదు. మా హాస్పిటల్లో మత్తు డాక్టరు ఉదయ్‌భాస్కర్ సంగతి నీకు చెప్పాను కదా. అతనితో ఇదంతా చెప్పేశాను. "అయితే మన ఇంట్లోనూ ఒక బిందె ఎక్కువ పెట్టుకుందాం" అన్నాడు. నేను నవ్వలేకపోయాను గానీ, ఆ రోజు అన్నం తినాలనిపించింది.

అమ్మకి చెప్పాలక్కా. అమ్మ దొంగతనంగా నీళ్ళు పట్టినందుకే తమ్ముడు పోయాడని నాన్నమ్మ జీవితాంతం అంటూనే ఉంది. అది అబద్ధమని అమ్మకి తెలియాలి.

నీ హేమ

*

మండపేట,
11 ఆగస్టు 1997

ప్రియమైన హేమా,

నువ్వు అమ్మకి చెప్పకు. నా మీద ఒట్టు.

నువ్వు డాక్టరువి కాబట్టి ఒక అబద్ధం పోతుందని చూస్తున్నావు. దాని బదులు ఆవిడ చేతికి ఏమిస్తున్నావో చూశావా? నీళ్ళు పట్టి చంపలేదమ్మా, నీ కడుపులోంచే ఆ రోగం వచ్చింది, నీ కూతురికీ ఇచ్చావు, మనవడికీ ఇచ్చావు అని చెప్తామా? తమ్ముడు పోయాక అమ్మ ఆరునెలలు తల దువ్వుకోలేదు. నువ్వు నిద్రపోయేదానివి. నేను మేలుకుని ఆవిడ వీపు నిమిరేదాన్ని. అంతకంటే ముందు పోయిన మగబిడ్డ గురించి నీకు తెలియను కూడా తెలియదు. ఈ వయసులో ఆవిణ్ణి మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళలేను.

మా అత్తయ్యకీ వివరంగా చెప్పలేదు. మీ పుట్టింటి రోగమా అని ఒక్కసారి అంటే నేను తట్టుకోలేను.

బాబు బాగున్నాడు. ఇంక ఈ మాట ఎత్తకు.

వీరవేణి

*

విశాఖపట్నం,
9 నవంబరు 1998

ప్రియమైన అక్కా,

నా పెళ్ళిలో కలిసిన తర్వాత మళ్ళీ నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఫోనులో మందులు, బరువు మాట్లాడుకుంటాం, అంతే. ఇచ్చిన మాట నేను తప్పలేదు. పెళ్ళిపీటల మీద అమ్మ నా జడ సర్దుతూ, "దుర్గాసాయి చెంబు పట్టుకునే తిరుగుతాడేంటే?" అని అడిగింది. ఎండకి అన్నాను. శీతాకాలం ముహూర్తం అది.

బాబు ఆలస్యంగా నడిచినా చక్కగా నడుస్తున్నాడు. మాటలూ వస్తున్నాయి. వాడికి వాంతులో, విరోచనాలో అయితే మాత్రం ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకు. వాడి రోగం పేరు రాసి పంపాను కదా, ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా ముందు అది చూపించు.

నాకు నాలుగో నెల. నువ్వే ముందు అడుగుతావని ఎదురుచూశాను.

నీ హేమ

*

మండపేట,
11 మార్చి 1999

ప్రియమైన హేమా,

అమ్మకి చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన ఆదివారం అమ్మ వచ్చింది. రెండురోజులు బాబునే చూస్తూ కూర్చుంది. వాడు ఆడుకుంటూ ఆడుకుంటూ బిందె దగ్గరికి పోవడం, గ్లాసు ముంచుకోవడం, ఆయాసపడుతూ తాగడం. మంగళవారం పొద్దున్న నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అంది, "వేణీ, నా పిల్లలు కూడా ఇలాగే తాగేవారు. నువ్వేదో దాస్తున్నావు. నేను చచ్చేలోపైనా చెప్తావా?"

ఇంక నావల్ల కాలేదు. నువ్వు రాసినదంతా నాకు వచ్చినట్టు చెప్పాను. లాకుల సంగతి, చెవుల సంగతి, ఆడవాళ్ళు మోస్తారన్న సంగతి. అమ్మ కంట నీరు పెట్టలేదు. చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టి, "అయితే మీ నాన్నమ్మ చూడకుండా నేను పట్టిన నీళ్ళు వాడికి మంచే చేశాయన్నమాట" అంది. అవునమ్మా, ఆ నీళ్ళతోనే అన్నాళ్ళు బతికాడు అన్నాను. తర్వాత అడిగింది, "ఇది మా అమ్మ నుంచి నాకొచ్చిందా?" తెలియదు, వచ్చి ఉండవచ్చు అన్నాను. "మా అక్కకీ వచ్చిందా?" అంది.

అప్పుడు అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఆవిడ లోపలికొచ్చి అమ్మ పక్కన చతికిలబడి, "నేనూ వీడికి నీళ్ళు వద్దన్నదాన్నే వదిన గారూ. తెలియక అన్నానండి" అన్నారు. నేను రెండేళ్ళుగా భయపడిన మాట ఆవిడ నోట రాలేదు.

బుధవారం పొద్దున్న లేచేసరికి అమ్మ లేదు. సంచీ లేదు. మీ బావ బస్టాండుకి పరిగెత్తారు. ఊరికి వెళ్ళిపోయిందనుకుని నాన్నకి ఫోను చేయించాం, అక్కడికీ రాలేదు. ఆ పూట నేను పడ్డ భయం నీకు రాయలేను. చెప్పి ఆవిణ్ణి చంపుకున్నానని అనుకున్నాను.

సాయంత్రం మిల్లుకి ఫోను వచ్చింది, భీమవరం నుంచి. పెద్దమ్మ కూతురు పాపాయి గుర్తుందా, ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ కోడలు? దానికి అయిదునెలల కొడుకు, డబ్బాపాల మీద పెరుగుతున్నాడు. వాడికి తరచూ జ్వరాలని పోయిన నెల చుట్టాల పెళ్ళిలో ఎవరో అంటే అమ్మ విందట, అప్పుడు పట్టించుకోలేదట. నేను చెప్పింది విన్నాక ఇంక పడుకోలేకపోయింది. చెప్తే మనం ఆపుతామని చెప్పకుండానే బస్సెక్కింది.

పాపాయే ఫోనులో చెప్పింది. అమ్మ చెప్పులు విప్పి తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళిందట. బిడ్డ పెదవులు ఎండి ఉన్నాయట, గుడ్డ మాత్రం తడిసి ముద్దగా ఉందట. "నీళ్ళు తీసుకురా" అందట. పాపాయి అత్తగారు, "అంత చంటిపిల్లాడికి నీళ్ళేంటండీ, డాక్టరు గారు వద్దన్నారు" అని అడ్డొచ్చారట. అమ్మ ఆవిడతో గొడవ పడలేదు. "నా ఇద్దరు కొడుకులు దాహంతో పోయారమ్మా. నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. మా చిన్నమ్మాయి విశాఖపట్నంలో పిల్లల డాక్టరు. వీణ్ణి అక్కడికి తీసుకెళ్దాం. అంతదాకా నేను నీళ్ళు పడతాను, ఏమైనా అయితే నన్ను అనండి" అందట. ఆవిడ పక్కకి తప్పుకున్నారట.

అమ్మ నాతోనూ మాట్లాడింది. గొంతులో అలసట లేదు. "నా అక్క కూతురు అదీ. నేను కాకపోతే దానికి ఎవరు చెప్తారు?" అంది. హేమా, ఆవిడ తట్టుకోలేదని మనం అనుకున్నాం. నువ్వు కాదులే, నేను అనుకున్నాను.

వాళ్ళు రేపు బయల్దేరుతున్నారు, అమ్మ కూడా వస్తోంది. నీకు ఫోనులో సంగతి క్లుప్తంగా చెప్పాను గానీ, ఇదంతా రాసి, వాళ్ళు దారిలో ఇక్కడ ఆగినప్పుడు పాపాయి మొగుడి చేతికిచ్చి పంపుతాను. బిడ్డని వార్డులో పెట్టి పరీక్షలయ్యాక, తీరిక చూసుకుని చదువుకో. నీకు ఎనిమిదో నెల, మెట్లు ఎక్కకు. ఎవరు పుట్టినా మనకి ఏం చెయ్యాలో తెలుసు.

అమ్మ నీతో చెప్పమన్న మాట ఒకటుంది. "నేను వచ్చాక హేమని నా పక్కన కూర్చోమను. మొదట్నుంచీ, తొందరపడకుండా, తెలుగులో చెప్పమను. ఈసారి ఏదీ దాచద్దను. నేను వింటాను."

ప్రేమతో,
మీ అక్క
వీరవేణి