రెండు రింగుల వాన

గుంతకల్లు, 19 జూన్ 2006

నేను అడగకుండానే కంపెనీవాళ్లు నా సెల్లుకు కాలర్ ట్యూన్ పెట్టి, బ్యాలెన్స్‌లో ముప్పై రూపాయలు కోసేశారు. నాకు ఫోన్ చేసేవాళ్లకు ఇప్పుడు రింగు బదులు సినిమా పాట వినిపిస్తుందట. తీసేయమని కస్టమర్ కేర్‌కు చేస్తే, ఒకటి నొక్కు, రెండు నొక్కు అని అరగంట తిప్పి లైన్ కట్ చేశారు.

ముప్పై పోతే పోనీ. ఊళ్లో వాన పడితే నాయన డబ్బు పోకుండా రెండు రింగులిచ్చి పెట్టేస్తాడు. అదే గుర్తుగా నేను వేరుశనగ విత్తనకాయలు తీసుకుని బస్సెక్కాలి. ఇక ఆయన రింగులు ఎలా లెక్కపెడతాడు?

సాయంత్రం నాయన ఫోన్ వచ్చింది. రెండు దాటింది, ఆరు దాటింది, ఆగలేదు. భయపడి ఎత్తాను.

"యాల ఎత్తితివప్పా? పాట బాగుండాది. ఈడ అందరం వింటాండాము."

"నీ దుడ్లు పోతాండాయి నాయనా. వాన సంగతి చెప్పు."

ఆయన ఫోన్‌ను వసారా బయటికి చాపినట్టున్నాడు. రేకుల మీద వాన, ఒకటే హోరు. ఉద్యోగానికి వచ్చాక మా ఊరి తొలి వాన నాకు రెండు రింగులే. దాని చప్పుడే మరిచిపోయాను.

నేను సెల్లును చెవికి ఒత్తుకుని విన్నాను. మూడో రింగు ఎన్నడూ మోగనివ్వని నాయన కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.