పొట్టి ఆవుల తల్లులు

2008 జులై, గురువారం రాత్రి, మదనపల్లె

నాలుగు రోజులుగా నన్ను సతాయించిన తప్పు ఈ రోజు మధ్యాహ్నం దొరికింది. పుంగనూరు పొట్టి ఆవుల వంశావళి అంతా ఒకే టేబుల్‌లో ఉంది. తల్లీ అందులోనే, దూడా అందులోనే. దాంతో నా పైథాన్ ప్రోగ్రాం దూడలనే తల్లులుగా చూపిస్తూ వచ్చింది. ఏ ఆవు దేనికి ఏమవుతుందో ప్రోగ్రాంకు చెప్పే మ్యాపింగులో, తల్లి ఎటువైపు ఉంటుందో ఒక్క మాట చేర్చాను. తరాలన్నీ వాటంతట అవే వరుసలో నిలబడ్డాయి.

సాయంత్రం సోమల నుంచి, ఈ ఆవులను సాకే మునెప్ప వచ్చాడు. ఈ వివరాలన్నీ ఆయన నోట్‌బుక్కులో నుంచి ఎక్కించినవే. తన ఆవు లక్ష్మికి కలకడలోని కోడెతో చూలు కట్టించాలని ఆయన ఆలోచన. రెండు పేర్లూ కొట్టాను. మూడు తరాల వెనక రెండింటికీ ఒకే తల్లి వచ్చింది, గంగి.

మునెప్ప తెర మీద వేలు పెట్టాడు. "ఇది మా నాయన పలమనేరు సంతలో పట్టుకొచ్చిన ఆవమ్మా. ఎడం కొమ్ము ఇరిగిండె. దీని బిడ్డ కలకడకు పోయిండేది నేనే మర్సిపోయినా."

"అయితే ఆ కోడె వద్దంటావా పెద్దాయనా?"

"వద్దమ్మా. ఒకే నెత్తురు. యాడన్నా ఇంకోటి సూద్దాం."

ఆయనే రాసి ఆయనే మరిచిపోయినదాన్ని, ఆవంటే ఏమిటో తెలియని యంత్రం వెతికి ఇచ్చింది. ఆ ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. కానీ తల్లి పేరు రాయని ఆవులు ఆ నోట్‌బుక్కులో ఇంకా చాలా ఉన్నాయి. వాటి సంగతి తెలిసింది ఆయనొక్కడికే. ఆయనకు డెబ్బై దాటాయి. కూర్చోబెట్టి అడిగితే ఎన్ని గుర్తొస్తాయో...