గిలక్కాయ పాము తోక

ఒరే వెల్డన్,

మీ బ్యాండు ఇరవయ్యేళ్ల కచేరీకి నన్ను ఫిడేలు తీసుకుని రమ్మన్నావు. "లోపల పాము తోక ఉండాలక్కా, టీవీ వాళ్లకు అదే కావాలట" అనీ రాశావు.

మన కెంటకీ కొండల్లో ఫిడేలు పొట్టలో గలగల మోత కోసం గిలక్కాయ పాము తోక వేసుకోనివాడెవడు? నాన్న నాకు వేసిచ్చిన తోకను మొదటి రికార్డింగు నాడు దులిపి పారేసింది నువ్వే. "ఏంటక్కా ఈ మొరటు చప్పుడు, పట్నంలో నవ్వుతారు" అన్నావు. మర్నాడు బ్యాండులోంచి నన్నూ దులిపేశావు. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్లు, తళుకు చొక్కాలు. జనానికి వాటి మోజు తీరాక ఇప్పుడు పల్లెటూరి వేషానికి చిరుగుల ఓవరాల్స్! పందులకు మేత వేసేటప్పుడు కూడా ఇక్కడెవరూ అలాంటివి తొడగరు.

నేను రాను. మొన్న మెట్ల కింద చంపిన పాము తోక ఈ కవరులో పెట్టాను. నీ గిటారుకు పొట్ట ఎలాగూ లేదు, జేబులో వేసుకుని ఊపు. మీ బ్యాండులో నిజంగా మోగేది అదొక్కటే.

అక్క