జీపు అడుగున చిల్లు

ఒరేయ్ తమ్ముడూ,

నేను డ్యూటీకి పోతున్నాను. రేపే జీపుకి ఫిట్‌నెస్ పరీక్ష. హ్యాండ్‌బ్రేక్ బిగించు, లైట్లు చూడు. స్టీరింగ్ ఎడమకి తిప్పితేనే మోగే ఆ హారన్ సంగతీ తేల్చు. ఈసారీ ఫెయిలైతే బండి పాత ఇనుముకే. కిందటేడులా నిద్రపోయి నామీదికి నెట్టకు. స్టార్టవ్వలేదని తిట్టకు, ముందు కాసేపు దగ్గుతుంది, అచ్చం నాన్నలాగే.

వెనకసీటు కింద తుప్పుతిన్న చిల్లుకి రేకు వేయించాలి. చిన్నప్పుడు అందులోంచి పరిగెత్తే రోడ్డు చూడ్డానికి నువ్వా నేనా అని తోసుకునేవాళ్లం. నీ చెప్పు అందులోంచి జారిపోతే నాన్న సణుక్కుంటూనే రివర్సులో వెళ్లి వెతికాడు.

అక్క

మరిచాను. నేనొచ్చేదాకా వెల్డింగ్‌కి ఇవ్వకు, మెకానిక్ చీకటిపడ్డా ఆగుతానన్నాడు. పొద్దున ఆ చిల్లులోకి వంగి చూశాను. బండి కదలకపోతే అందులో వట్టి నేలేరా. సాయంత్రం నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటాను.